ఆపేస్తే తప్పే ఖర్చెంత?

ఏ కంపెనీ బోర్డులోనైనా నష్టాల పద్దు చదవగానే ముందుగా వినిపించే సలహా ఒకటే: ఆ సరుకు ఆపేయండి. ఏటా మూడు కోట్లు పోగొడుతున్న ఉత్పత్తిని ఆపితే మూడు కోట్లు మిగులుతాయన్న లెక్క పైకి తిరుగులేనిదిగానే కనిపిస్తుంది. ఆ మూడు కోట్లలో ఆ ఉత్పత్తి నిజంగా తినేసింది ఎంత, పద్దులు రాసేవాళ్లు దాని పేరున వేసింది ఎంత అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఫ్యాక్టరీ అద్దె, హెడ్డాఫీసు జీతాలు, కంప్యూటర్ల ఖర్చు, గోదాము కాపలా వంటివి ఉత్పత్తిని ఆపిన మర్నాడు కూడా ఉంటాయి. వాటిలో కొంత వాటాను ఆపబోయే సరుకు నెత్తిన రుద్ది, మొత్తాన్ని నష్టమని పిలిచి, దాని ఆధారంగానే తీర్పు చెప్పడం పెద్ద పెద్ద సంస్థల్లోనూ జరిగే పొరపాటు. నా వాదన ఇది. ఒక సరుకును కొనసాగించాలా, మానేయాలా అన్నది తేల్చడానికి పద్దులోని నష్టం పనికిరాదు. ఆపితే ఏ ఖర్చు తప్పుతుంది, దానితోపాటు ఏ ఆదాయం పోతుంది, కొనసాగించాలంటే కొత్తగా ఎంత డబ్బు పెట్టాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబులే పనికొస్తాయి. ఇవి అడగకుండా ఆపడం ఎంత తప్పో, జవాబులు తెలిశాక కూడా ఆపకపోవడం అంతే తప్పు.

ఈ మాటను పరీక్షించి చూడడానికి ఒక పాత రైల్వే కంపెనీ చరిత్ర బాగా అక్కరకొస్తుంది. టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో అంటే నేటి తెలుగు పాఠకులకు ఐటీ ఉద్యోగాలు, పేరున్న బడులు, కార్యసిద్ధి హనుమాన్ ఆలయం గుర్తొస్తాయి. ఆ ఊరు పుట్టింది మాత్రం రైలు కోసం. ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టుకునే మజిలీ కావలసివచ్చి, సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే మార్గం మీద 1902లో ప్లాట్లు వేలం వేశారు. మొదట ఎమర్సన్ అనుకున్న పేరును తపాలా శాఖ ఒప్పుకోకపోవడంతో, జనం ఆ రైల్వేను పిలుచుకునే ముద్దుపేరు ఫ్రిస్కోనే ఊరికీ పెట్టుకున్నారు. ఆ కంపెనీకి ఒకప్పుడు ప్యాసింజర్ రైళ్లంటే గర్వం. సెయింట్ లూయిస్ నుంచి ఓక్లహోమా వైపు మీటియర్ నడిపేది. మరో రైల్వేతో కలిసి సెయింట్ లూయిస్ నుంచి డాలస్ మీదుగా శాన్ ఆంటోనియోకు టెక్సస్ స్పెషల్ నడిపేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ రైళ్లకు కొత్త స్టీలు బోగీలు కొన్నది. అదే కంపెనీ 1959 జనవరిలో టెక్సస్ స్పెషల్ నుంచి తప్పుకుంది. 1967 డిసెంబరులో కాన్సస్ సిటీ–బర్మింగ్‌హామ్ మధ్య నడిచే రైలు సౌత్‌ల్యాండ్‌ను కూడా ఆపేసి, ప్యాసింజర్ వ్యాపారానికి పూర్తిగా స్వస్తి పలికింది. ఆ తర్వాత గూడ్స్ కంపెనీగానే బతికి, 1980లో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది. నష్టాల సరుకును మానేయడం అంటే ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అప్పట్లో ప్యాసింజర్ నష్టాన్ని లెక్కగట్టిన తీరే ఇక్కడ అసలు విషయం. అమెరికాలో అప్పుడు రైల్వేలను నియంత్రించిన ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్, అంటే ఐసీసీ, ప్రతి కంపెనీ ఖర్చులనూ గూడ్సుకు కొంత, ప్యాసింజర్‌కు కొంత అని విడదీసి చూపమనేది. గార్డు జీతం, డైనింగ్ కారు ఖర్చు వంటివి ఎవరివో తేల్చడం తేలిక. పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు, పన్నులు, పై అధికారుల జీతాలు మాత్రం రెండింటికీ ఉమ్మడి. వాటిని రైలు మైళ్లు, ఇంజను మైళ్లు, టన్ను మైళ్లు వంటి కొలతలతో పంచేవారు. అలా పంచగా 1957లో దేశం మొత్తం మీద ప్యాసింజర్ నష్టం 72 కోట్ల డాలర్లు దాటిందని తేలింది. మరుసటి ఏడాది ఐసీసీ పరిశీలకుడు హోవర్డ్ హాస్మర్ తన నివేదికలో, ఇదే తీరు సాగితే 1970 నాటికి ప్యాసింజర్ బోగీ గుర్రపు బగ్గీలాగా మ్యూజియంలో చూడవలసిన వస్తువవుతుందన్నాడు. దీనికి ఎదురు వాదన కూడా గట్టిగానే వచ్చింది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టాన్లీ బెర్జ్ వంటివారు ఆ నష్టం చాలావరకు పంపకంలో పుట్టినదేనన్నారు. పట్టాల మీద గూడ్సు నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ప్యాసింజర్ రైలు ఆగినంత మాత్రాన వంతెన ఖర్చు తగ్గదు, ఆస్తి పన్ను తగ్గదు, ప్రెసిడెంటు జీతం తగ్గదు. అందువల్ల 72 కోట్ల నష్టం వస్తున్న రైళ్లన్నీ ఆపితే 72 కోట్లు మిగులుతాయనుకోవడం వట్టి భ్రమ.

ఈ పంపకం ఎలా దారి తప్పిస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. ఫ్రిస్కోలో ఒక తెలుగు రెస్టారెంటు ఉందనీ, దానికి మధ్యాహ్నం బఫే, రాత్రి భోజనం అని రెండు వ్యాపారాలున్నాయనీ ఊహించండి. బఫే మీద నెలకు 18,000 డాలర్లు వస్తాయి. దాని సరుకులకు, ఆ పూట పనివాళ్ల జీతాలకు 14,000 పోతాయి. అద్దె, ఇన్సూరెన్సు, మేనేజరు జీతం వంటి ఉమ్మడి ఖర్చుల్లో బఫే వాటా 7,000 అని అకౌంటెంటు రాశాడు. అంటే పద్దులో బఫేకు నెలకు 3,000 నష్టం. రాత్రి భోజనం తన వాటా ఉమ్మడి ఖర్చు పోను 9,000 లాభం తెస్తోంది. రెండూ కలిపితే యజమానికి 6,000 మిగులుతోంది. నష్టాల బఫేను ఆపితే 9,000 మిగలాలి కదా అనిపిస్తుంది. అయితే ఇంటి యజమాని అద్దె తగ్గించడు, ఇన్సూరెన్సు కంపెనీ ప్రీమియం తగ్గించదు. ఆ 7,000 ఇప్పుడు రాత్రి భోజనం మీద పడుతుంది. మిగిలేది 2,000. నష్టం వదిలించుకున్నానని అనుకున్న యజమాని నెలకు 4,000 పోగొట్టుకున్నాడు. ఎందుకంటే బఫే తన ఖర్చు పోను ఆ 4,000ను ఉమ్మడి ఖర్చుల కోసం సంపాదించి పెడుతోంది. ఇంతటితో అయిపోదు. కొత్త పద్దు చూసి రాత్రి భోజనంలోనూ టేక్‌అవుట్ బలహీనంగా ఉందని దాన్ని ఆపితే, దాని వాటా భారం మిగిలిన దాని మీద పడుతుంది. ఒక్కో వ్యాపారం ఆగినప్పుడల్లా మిగిలినవి బలహీనంగా కనిపిస్తూ పోతాయి. చాలా కంపెనీలు మెల్లమెల్లగా కుంచించుకుపోవడానికి కారణం వాటి సరుకుల్లో కాకుండా ఈ లెక్కలోనే ఉంటుంది.

మొదటి ప్రశ్న ఖర్చు గురించైతే, రెండోది ఆదాయం గురించి. ఏ సరుకూ ఒంటరిగా అమ్ముడుపోదు. ప్యాసింజర్ రైలు విషయంలో ఆ జంట ఆదాయం తపాలా. అమెరికాలో ప్యాసింజర్ రైళ్లకు తగిలించిన రైల్వే పోస్టాఫీసు బోగీల్లో, నడుస్తున్న రైల్లోనే ఉత్తరాలు విడదీసేవారు. ఆ కాంట్రాక్టుల డబ్బు వల్లే ఎన్నో రైళ్లు తమ ఖర్చు తాము భరించుకునేవి. 1967లో తపాలా శాఖ ఉత్తరాలను విమానాలకు, ట్రక్కులకు మళ్లించి, ఆ బోగీల కాంట్రాక్టులు చాలావరకు రద్దు చేసింది. దానితో అంతకుముందు దాకా ఏదో ఒకలా నడుస్తున్న రైళ్లు కొన్ని నెలల్లోనే నిజమైన నష్టంలోకి జారిపోయాయి. శాంటా ఫే వంటి పేరున్న రైల్వే సైతం ఆ శరత్కాలంలోనే తన ప్యాసింజర్ రైళ్లలో చాలావాటిని ఆపుతానని ప్రకటించింది. ఫ్రిస్కో ఆఖరి రైలు ఆగింది కూడా అదే ఏడాది చివర. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, రైలు ఖర్చు పెరగలేదు, ప్రయాణికులు రాత్రికి రాత్రి మాయం కాలేదు. జంట ఆదాయం పోయింది, దానితో జవాబు మారిపోయింది. కాబట్టి ఆదాయం లెక్కలో రెండు వైపులూ చూడాలి. ఈ సరుకు ఆగితే ఇతర సరుకుల కొనుగోళ్లు ఏవి పోతాయి, ఏవి పెరుగుతాయి? బఫే ఆపితే మధ్యాహ్నం వచ్చేవాళ్లు రాత్రికి వస్తారా, ఎదురుగా ఉన్న వేరే చోటుకు పోతారా? జవాబు ఏదైనా సరే, తేల్చకుండా నిర్ణయించడం సరికాదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ప్రతి సరుకూ తన ఖర్చు పోను ఎంతో కొంత తెస్తోంది కాబట్టి ఉంచుదామంటూ పోతే, అద్దె ఎవరు కడతారు అన్నది ఆ అభ్యంతరం. పది సరుకులూ అరకొరగా తెస్తూ, ఏదీ ఆపదగినంత చెడ్డది కాక, అన్నీ కలిసి కంపెనీని ముంచే పరిస్థితి నిజంగానే వస్తుంది. పైగా ఒక విభాగం మేనేజరు తన కుర్చీ కాపాడుకోవడానికి ‘మేమూ ఉమ్మడి ఖర్చుకు ఇస్తున్నాం కదా’ అని చెప్పడం అన్నిచోట్లా ఉన్నదే. దీనికి జవాబు కాలంలో ఉంది. నేడు తప్పని ఖర్చు రేపు తప్పించగల ఖర్చవుతుంది. రెస్టారెంటు లీజు ముగిసే ఏడాది, ఫ్యాక్టరీలో యంత్రం మార్చవలసిన ఏడాది, సాఫ్ట్‌వేర్ మళ్లీ కొత్తగా రాయవలసిన ఏడాది వచ్చేసరికి, అంతవరకు స్థిరంగా కనిపించిన ఖర్చు మీ చేతిలోని నిర్ణయంగా మారుతుంది. చిన్న చోటుకు మారితే అద్దె తగ్గుతుంది, ఆ యంత్రం కొనకపోతే ఆ డబ్బు మిగులుతుంది. రెండు లీజుల మధ్య బఫే తన ఖర్చు పోను 4,000 తెస్తే ఉంచాలి. కొత్త లీజు రాసేనాటికి బఫే వల్ల అవసరమయ్యే అదనపు చోటు ఖర్చును కూడా అది మోయలేకపోతే మానేయాలి. ఒకే సరుకు గురించి ఈ రెండు జవాబులూ సరైనవే. తేడా సమయంలో ఉంది.

రైళ్ల విషయంలో అదే జరిగింది. యుద్ధం ముగిశాక కొన్న బోగీలు 1950ల్లో కొత్తగానే ఉన్నాయి. వాటి మీద పెట్టిన డబ్బు ఎటూ తిరిగి రాదు. ఉన్న బోగీలతో రైలు నడిపి రోజువారీ ఖర్చు రాబట్టగలిగితే నడపడమే లాభం. ఆ పదేళ్లలో ‘భారీ నష్టం’ అన్న వాదన అందుకే బలహీనమైనది. 1960ల చివరికొచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. 1956 చట్టంతో మొదలైన అంతర్రాష్ట్ర రహదారులు విస్తరించాయి, జెట్ విమానాలు వచ్చాయి, తపాలా పోయింది, బోగీలు పాతబడ్డాయి. ఐసీసీ ఈసారి పంపకం లెక్కను పక్కన పెట్టి, ప్యాసింజర్ రైళ్లు లేకపోతే తప్పే ఖర్చెంత అని ఎనిమిది రైల్వేలను పరిశీలించింది. ఆ 1969 నివేదిక ప్రకారం తప్పే ఖర్చు ఆదాయాన్ని మించి, 1968 ఒక్క ఏడాదిలోనే తేడా పది కోట్ల డాలర్లు దాటింది. అంటే 1957లో కాగితం మీద కనిపించిన నష్టం, 1968కి నిజమైంది. పాత లెక్కను నమ్మినవాళ్లకు సరైన జవాబు తప్పుడు కారణంతో దొరికిందని ఎవరైనా అనవచ్చు. నాకు మాత్రం ఇందులో వేరే పాఠం కనిపిస్తుంది. తప్పుడు లెక్కతో చెప్పిన జవాబు ఎప్పటికో ఒకప్పటికి సరైనదే అయినా, ఎప్పుడు సరైనదవుతుందో ఆ లెక్క చెప్పలేదు. ఎప్పుడో తెలియకపోతే నిర్ణయం జూదమే.

నష్టాలు రెండు రకాలన్న సంగతి తర్వాత చట్టంలోకే ఎక్కింది. 1970లో అమెరికా కాంగ్రెస్ ఆమ్‌ట్రాక్‌ను ఏర్పాటు చేసి, ప్యాసింజర్ రైళ్ల బాధ్యతను రైల్వే కంపెనీల నుంచి తీసుకునేందుకు సిద్ధపడింది. 1971 మే 1న ఆమ్‌ట్రాక్ రైళ్లు మొదలయ్యాయి. అందులో చేరే కంపెనీలు కట్టవలసిన రుసుమును లెక్కించే సూత్రాల్లో ఒకటి, 1969లో ఉమ్మడి ఖర్చులన్నీ పంచి చూపిన ప్యాసింజర్ నష్టంలో సగం. ఇంకొకటి అదే ఏడాది రైళ్లు లేకపోతే తప్పే నష్టం మొత్తం. ఒకే రైలుకు రెండు వేర్వేరు నష్టాలుంటాయనీ, వాటిని ఒకే గాటన కట్టకూడదనీ చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఫ్రిస్కో రైల్వేకు మాత్రం ఈ చిక్కే రాలేదు. అప్పటికి దానికి అప్పగించడానికి ప్యాసింజర్ రైలంటూ ఏదీ లేదు. ఆ కంపెనీ వైపు నుంచి చూస్తే 1967లో బయటపడడం తెలివైన పనేనని ఒప్పుకోవాలి. తపాలా ఆదాయం పోయి, పాత బోగీలు మార్చవలసి వచ్చిన వేళ, గూడ్సుతో లాభాలు చేసుకోగల సంస్థ కొత్త డబ్బును ప్యాసింజర్ల మీద పెట్టడానికి వ్యాపారపరమైన కారణం మిగలలేదు.

ఇక రెండో అభ్యంతరం. తప్పే ఖర్చును మేనేజర్లు నిజాయితీగా లెక్కగడతారని నమ్మేదెలా? ఆపదలచుకున్నవాళ్లు నష్టాన్ని తయారు చేయగలరు. అమెరికన్ రైల్వే చరిత్రలో దీనికీ ఉదాహరణ ఉంది. న్యూ ఆర్లీన్స్ నుంచి టెక్సస్ మీదుగా లాస్ ఏంజలిస్‌కు సదరన్ పసిఫిక్ నడిపిన సన్‌సెట్ లిమిటెడ్‌లో వేడి భోజనం వడ్డించే డైనింగ్ కారు తీసేసి, నాణేలు వేస్తే తిండి పడే యంత్రాల బోగీ పెట్టారు. పడుకునే బోగీలూ తీసేశారు. రెండు రాత్రుల ప్రయాణానికి ఈ ఏర్పాటు చేశాక జనం తగ్గితే, గిరాకీ లేదని చెప్పడం తేలిక. ఈ రైలు విషయమై ఐసీసీ ముందు విచారణ జరిగి, 1968లో పరిశీలకుడు ప్యాసింజర్ సేవకు కనీస ప్రమాణాలుండాలని సిఫారసు చేసే దాకా వెళ్లింది. కంపెనీల్లోనూ ఇదే చూస్తాం. ప్రకటనలు ఆపేస్తారు, అమ్మకందారులకు కమీషన్ తగ్గిస్తారు, కొత్త మోడల్ తీసుకురారు, మూడేళ్లయ్యాక ‘మార్కెట్టు ఒప్పుకోలేదు’ అంటారు. ఇది నా వాదనను బలహీనపరచదు. లెక్కలో ఇంకో వరస చేర్చమని చెబుతుంది: ఈ సరుకుకు గత మూడేళ్లలో ఎంత ఖర్చు పెట్టారు, పోటీదారులు ఎంత పెట్టారు అన్నది కూడా బోర్డు ముందుకు రావాలి. ఆకలితో ఉంచిన వ్యాపారాన్ని సన్నబడిందని నిందించడం న్యాయం కాదు. దాన్ని పోషించే ఉద్దేశం లేదనుకుంటే, అమ్మకాల అంకెల వెనుక దాక్కోకుండా ఆ మాటే చెప్పి ఆపాలి.

త్వరగా ఆపడం సరైనది అయిన సందర్భం కూడా ఫ్రిస్కో చుట్టూనే దొరుకుతుంది. ఆ ఊళ్లో నేడు కార్యాలయం ఉన్న క్యూరిగ్ డాక్టర్ పెప్పర్ కంపెనీ, 2018లో కాఫీ యంత్రాల క్యూరిగ్, శీతల పానీయాల డాక్టర్ పెప్పర్ స్నాపిల్ కలిసి ఏర్పడింది. ఆ కలయికకు ముందు, వెర్మాంట్ కేంద్రంగా ఉన్న క్యూరిగ్ 2015 సెప్టెంబరులో క్యూరిగ్ కోల్డ్ అనే యంత్రాన్ని తెచ్చింది. ఇంట్లోనే చల్లటి సోడా చేసుకోవడం దాని పని. ధర 370 డాలర్ల దాకా. ఒక్కో గ్లాసుకు వేసే పాడ్ ధర డాలరుకు పైనే. అంగట్లో డబ్బా సోడా అందులో సగానికన్నా తక్కువకు దొరికే దేశంలో ఆ లెక్క కుదరలేదు. 2016 జూన్‌లో, ఏడాది తిరగకముందే, కంపెనీ దాన్ని ఆపేసి కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇస్తామంది. మన మూడు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. యంత్రం తయారీ, పాడ్ల లైను దాని కోసమే పెట్టినవి కాబట్టి ఆపితే ఆ ఖర్చు నిజంగా తప్పుతుంది. వేడి కాఫీ అమ్మకాలు దాని మీద ఆధారపడి లేవు. కొనసాగించాలంటే మాత్రం ఇంకా ఇంకా పెట్టాలి. అంతవరకు పరిశోధన మీద పెట్టిన డబ్బు పెద్దదే, కాని ఆపినా నడిపినా అది తిరిగి రాదు కాబట్టి నిర్ణయంలో దానికి చోటు లేదు. ‘ఇంత పెట్టాక ఎలా వదిలేస్తాం’ అన్న మాట వినకుండా వదిలేయగలిగినవాళ్లే సరైన నిర్ణయం తీసుకోగలరు.

ఈ లెక్క మనకు తెలియనిది కాదు, మన చేతిలోని రైలు టికెట్టు మీద కూడా ఉండేది. 2016 నుంచి భారతీయ రైల్వే తన టికెట్ల మీద, ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని ముద్రించింది. ఆ 57 శాతం అన్న అంకె గూడ్సుకూ ప్యాసింజర్‌కూ ఉమ్మడి ఖర్చులను పంచాక వచ్చినదే. గూడ్సు రైళ్లు నడిచే మార్గంలో పగటిపూట వెళ్లే ఒక ప్యాసింజర్‌ను ఆపితే మిగతా 43 శాతం మిగులుతుందని దాని అర్థం కాదు. ఆర్టీసీలో ఇది ఇంకా స్పష్టం. డిపో మేనేజర్లు కిలోమీటరుకు ఆదాయం ఈపీకే, కిలోమీటరుకు ఖర్చు సీపీకే, బస్సు నిండుదనం ఓఆర్ చూస్తారు. సీపీకేలో పెద్ద వాటా జీతాలదే. రాత్రి చివరి ట్రిప్పు ఆపితే డీజిల్, టైరు అరుగుదల మిగులుతాయి. డ్రైవరూ కండక్టరూ జీతాల మీదే ఉంటే వాళ్ల ఖర్చు మిగలదు. పల్లె నుంచి మండల కేంద్రానికి వచ్చే ఆ పల్లె వెలుగు బస్సే హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రయాణికులను తెస్తుంది, ఆ ఆదాయం ఎక్స్‌ప్రెస్ పద్దులో కనిపిస్తుంది. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె సమయంలో తెలంగాణ ప్రభుత్వం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని ప్రకటించినప్పుడు, చర్చంతా ఆర్టీసీ మొత్తం నష్టం చుట్టూనే తిరిగింది. ఏ రూటు ఆగితే ఏ ఖర్చు తప్పుతుంది, దానితో ఏ ఎక్స్‌ప్రెస్ ఆదాయం పోతుంది అన్న ప్రశ్న పత్రికల్లోనూ, అసెంబ్లీలోనూ అంతగా వినపడలేదు. ఆ ప్రణాళిక చివరికి అమలు కాలేదు. లెక్క తేలక ఆగలేదు, రాజకీయం మారి ఆగింది.

కంపెనీ ధర్మసత్రం కాదు కదా అన్నది మూడో అభ్యంతరం. అందులో నిజముంది. ఊరికి బస్సు కావాలన్నది ఒక సంగతి, దాని నష్టం ఎవరు మోయాలన్నది ఇంకో సంగతి. తప్పే ఖర్చు లెక్క ఇక్కడే మరింత అక్కరకొస్తుంది. ఒక సేవను ప్రజలు కోరుకుని, వ్యాపారం మోయలేనప్పుడు, ప్రభుత్వం చెల్లించవలసిన సరైన మొత్తం పద్దులోని నష్టం కాదు, ఆ సేవ లేకపోతే తప్పే ఖర్చుకూ దాని ఆదాయానికీ మధ్య తేడా. అంతకన్నా ఎక్కువ అడిగితే సంస్థ తన అసమర్థతకు ఖజానా డబ్బు తీసుకున్నట్టు. అంతకన్నా తక్కువ ఇస్తే ప్రభుత్వం తన హామీని సంస్థ నెత్తిన వేసినట్టు. 2023 డిసెంబరులో తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరున మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. ఆ జీరో టికెట్లకు ప్రభుత్వం ఎంత చెల్లించాలన్న చర్చను ఈ కొలమానంతో చేస్తే ఆర్టీసీకీ, ఖజానాకూ రెండింటికీ మేలు. ప్రైవేటు కంపెనీ అయితే ప్రజలకిచ్చే మాట లేదు కాబట్టి ఆ తేడా నిజంగానే ప్రతికూలమైతే ఆపవచ్చు. దానికి ఎవరినీ క్షమాపణ అడగనక్కరలేదు.

ఇంకో మాట మిగిలింది. ఆపడం ఒకటి, మళ్లీ మొదలుపెట్టలేని విధంగా ఆపడం ఇంకొకటి. ప్యాసింజర్ రైళ్లు ఆగేనాటికి ఫ్రిస్కో ఊరి జనాభా రెండు వేల లోపు, 1970 జనగణనలో 1,845. అక్కడ స్టేషను నడపడం ఏ లెక్కకూ సరిపోదు. 2020 జనగణనలో అదే ఊరి జనాభా 2,00,509. నేడు డాలస్ వైపు పోవడానికి ఉదయం టోల్‌వే మీద ఆగి ఆగి కదిలే కార్ల వరసే దారి. ‘ఆనాడు ఆపకుండా ఉంటే’ అని విచారించడం వృథా. యాభై ఏళ్ల తర్వాత జరిగేదాన్ని ఊహించి ఏటేటా నష్టం భరించమని ఏ కంపెనీనీ అడగలేం. కాని ఆ కంపెనీ మార్గాన్ని పీకేయలేదు, గూడ్సు కోసం ఉంచింది. నేడు బీఎన్‌ఎస్‌ఎఫ్ సరుకు రైళ్లు ఫ్రిస్కో నడిబొడ్డునుంచే వెళ్తున్నాయి. అందువల్లే ప్రాంతీయ ప్రణాళికా సంస్థ ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో దాకా ప్యాసింజర్ రైలు నడపవచ్చా అని ఆ మార్గం మీద అధ్యయనం చేయగలిగింది. పట్టాలు పీకి భూమి ముక్కలుగా అమ్మి ఉంటే అధ్యయనానికే అర్థం ఉండేది కాదు. కంపెనీలకు ఇందులో వాడుకోదగిన తేడా ఉంది. సరుకు తయారీ ఆపినా దాని డిజైన్లు, పేటెంట్లు, ముఖ్యమైన పనివాళ్లు, సరఫరాదారుల సంబంధాలు తక్కువ ఖర్చుతో నిలుపుకోగలిగితే నిలుపుకోవాలి. ఆ కొద్ది ఖర్చు కూడా ఆపే లెక్కలో ముందే చేర్చాలి.

ఇవన్నీ పెద్ద కంపెనీలకు సరే, చిన్న వ్యాపారికి ఇంత తీరికెక్కడిది అనేవారుంటారు. నిజానికి చిన్న వ్యాపారికే ఇది తేలిక, ఎందుకంటే అతనికి తన ఖర్చులు విడివిడిగా తెలుసు. అద్దె తన పేరునే కడతాడు, పనివాళ్ల జీతాలు తన చేత్తోనే ఇస్తాడు. ఇబ్బంది పెద్ద సంస్థల్లోనే. అక్కడ పంపకం సూత్రాలు ఎవరో ఎప్పుడో పెట్టినవి, ఎవరూ మళ్లీ ప్రశ్నించనివి. కాబట్టి బోర్డులు ఒక నియమం పెట్టుకోవాలి. ఏ ఉత్పత్తినైనా ఆపాలన్న ప్రతిపాదన వస్తే, పక్కపక్కన రెండు పద్దులు ఉండాలి: ఉమ్మడి ఖర్చు పంచాక వచ్చే నష్టం ఒకటి, ఆపితే తప్పే ఖర్చూ పోయే ఆదాయమూ మాత్రమే చూపే పద్దు ఒకటి. ఆ రెండింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీలో రాయాలి. తర్వాతి పెద్ద ఖర్చు, అంటే యంత్రం మార్పు, లీజు, కొత్త వెర్షన్, ఎప్పుడు రాబోతోందో తేదీ వేయాలి. అప్పటిదాకా తన ఖర్చు పోను ఎంతో కొంత తెచ్చే సరుకును నడపాలి. ఆ తేదీకి కొత్త ఖర్చును మోయలేనిదని తేలితే ఆ రోజే, దానికి ఒక నెల కూడా అదనంగా ఇవ్వకుండా, ఆపాలి. ఒక్క నష్టం అంకెతో వచ్చే కాగితాన్ని ఏ బోర్డూ ఆమోదించకూడదు, తిరస్కరించకూడదు. రెండో పద్దు జతచేసి తెమ్మని తిప్పి పంపాలి.